పరుల మైదానము

చదువరులారా! మేము బడిపంతులము. ఇరువది యేండ్లకు పైగా పిల్లలకు సంస్కృతమును, ఇంగ్లీషును చెప్పుచు కాలము గడుపుచున్నాము. మా నివాసము హైదరాబాదునకు తూర్పుదిక్కున, దిల్‌సుఖ్‌నగరునకును ఎల్.బి.నగరునకును నడుమ, సరూర్‌నగరు చెఱువునకు కొలది దూరముననున్న యొక సందులో. ఈ పేటలలో దొరకని వస్తువు లేదు. కోచింగు సెంటర్లు, హాస్టళ్లు, పుస్తకాల అంగళ్లు, చీరెల దుకాణములు, టిఫిను బండ్లు, నెత్తిమీద మెట్రోరైలు, అన్నియు గలవు. జిల్లాలనుండి వచ్చు యువజనులు ఇక్కడ ఉద్యోగపు పరీక్షలకు చదువుదురు. ఆడుకొనుటకై ఇక్కడికి వచ్చినవానిని మేమింతవఱకు చూడలేదు. మేమును ఆటలను గూర్చి తలపోసినవారము కాము. అట్టి మేము 2022వ సంవత్సరము మార్చి 20వ తేదీని, ఆదివారమునాడు, మా కుమార్తెను వెంటబెట్టుకొని ఒక ఫుట్‌బాలు ఆట చూచుటకై గోవా వఱకు పోయివచ్చితిమి. ఆ ప్రయాణమును గూర్చియు, అది మాకు నేర్పిన పాఠమును గూర్చియు నాలుగు మాటలు వ్రాయవలెనని యెంతకాలముగనో అనుకొనుచున్నాము. ఇన్నాళ్లు వ్రాయకపోవుటకు కారణము సిగ్గు.

అభిమానము మాది కాదు, మా అమ్మాయిది. తొమ్మిదవయేట, అనగా 2014లో, పొరుగింటి టెలివిజనులో ప్రపంచకప్పు ఆటలు చూచి ఆమె ఈ వ్యసనమున పడెను. మఱునాటినుండి మా సందు చివరనున్న ఖాళీస్థలమున మగపిల్లలతో కూడి బంతి తన్నసాగెను. చెప్పులు తెగెను, మోకాళ్లు చెక్కుకొనిపోయెను, ఒకరింటి కిటికీ యద్దము పగిలెను. బడిలో వ్యాయామోపాధ్యాయుడు బాలికల జట్టును కూర్చినప్పుడు ఆమెను గోలునకు ముందు కాపుగ నిలిపెను. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను జట్టు క్రొత్తగ వెలసి ఇండియన్ సూపర్ లీగులో చేరెను. ఆ యేడు నవంబరు 2వ తేదీని గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియమున ఆ జట్టు సొంత మైదానమున తన తొలియాట ఆడెను. ఎదుటిజట్టు కేరళ బ్లాస్టర్సు. మా బావమఱది మేనకోడలిని వెంటబెట్టుకొని ఎల్.బి.నగరులో మెట్రో యెక్కి, అమీర్‌పేటలో బండి మాఱి, హైటెక్ సిటీలో దిగి, అక్కడనుండి ఆటోలో పోయి ఆ యాట చూపించెను. మన జట్టు 2-1 తేడాతో గెలిచెను. రాత్రి పదునొకండు గంటలు దాటినపిదప, బొంగురుపోయిన గొంతుతో, మెడలో పసుపుపచ్చని గుడ్డతో మా అమ్మాయి ఇల్లు చేరెను. అంత సంతోషముగ ఆమెను మేమంతకు ముందు చూచియుండలేదు.

నెల తిరుగకుండ మేము ఆమె ఆట మానిపించితిమి.

పదవతరగతి దగ్గఱపడుచున్నదని పైకి చెప్పితిమి. లోపలి కారణములు వేఱు. ఆ రాత్రి ఆమె రాకను మేడమీదనుండి చూచిన పొరుగాయన మఱునాడు మమ్ము ఆపి "సార్, బిడ్డ పెద్దగైంది గద" అనెను. అంతకు మించి యేమియు అనలేదు. అనవలసిన పనియు లేకపోయెను. ఎండలో తిరిగి నల్లబడుచున్నదని మా తల్లిగారు. పొట్టి లాగు తొడుగుకొని నలుగురిలో పరుగెత్తుట బాగుండలేదని బంధువులు. ఈ మాటలలో ఏ యొక్కదానికైనను మా యొద్ద సమాధానము లేకపోలేదు. సమాధానము చెప్పు ధైర్యమే లేకపోయెను.

మేమెట్టివారమో చెప్పిననే గాని మా తప్పు ఎంతటిదో మీకు తెలియదు. వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టిన కథను ఏటేట పిల్లలకు గద్గదస్వరముతో చెప్పువారము. కుమారసంభవమున పార్వతి మందాకిని యిసుకతిన్నెలమీద చెలులతో బంతులాడిన ఘట్టము వచ్చినప్పుడును, దశకుమారచరితమున దండి కందుకావతి యను రాచకన్నియ బంతియాటను విస్తరించి వర్ణించిన ఘట్టము వచ్చినప్పుడును "చూచితిరా, మన పూర్వులు బంతిని ఆడపిల్లల చేతికే యిచ్చిరి" అని సగర్వముగ వ్యాఖ్యానించువారము. అట్టి మేము మా అమ్మాయి బూట్లను ఒక పాత సంచిలో కట్టి అటకమీద పెట్టితిమి. ఆమె ఏడువలేదు. "పరీక్షలయ్యే దాకనేనా నాన్నా?" అని యడిగెను. "చూతము" అంటిమి. ఈ "చూతము" అను మాట ఎంత చెడ్డదో తండ్రులకు తెలియదు, బిడ్డలకు తెలియును.

జట్టునకును ఆ యేడు కలిసిరాలేదు. పది జట్లలో పదవదిగ నిలిచెను. పిమ్మట కరోనా వచ్చెను. అటుపై రెండేండ్లు ఆటలన్నియు గోవాలోనే, ప్రేక్షకులు లేని మైదానములలో జరిగెను. తలుపు దగ్గఱగ వేసికొని, చప్పుడు తగ్గించి, సెల్‌ఫోనులో మా అమ్మాయి ఆ యాటలన్నియు చూచెనని మాకు చాలకాలమునకు గాని తెలియదు. మనోలో మార్కెజ్ అను స్పెయిను దేశపు శిక్షకుని చేతిలో జట్టు తేఱుకొనెను. 2022లో తుదియాటకు చేరెను. ఎదుటిజట్టు మరల కేరళ బ్లాస్టర్సే. ఈ యొక్క యాటకు ప్రేక్షకులను రానిత్తుమని ప్రకటించిరి. మా బావమఱది తనకొకటి, మేనకోడలికొకటి టిక్కెట్లు కొనెను; బస్సులో రెండు సీట్లు పట్టెను; తీఱ చూడగ కార్యాలయమున సెలవు దొరకక, మూడు దినముల ముందు మా యింటికి వచ్చి దిగాలుగ కూర్చుండెను.

"బావా, నువ్వే తీస్కపో" అనెను.

మా తల్లిగారు వెంటనే అందుకొనిరి. "ఆడపిల్లను రాత్రి బస్సుల అంత దూరం తీస్కపోతవా, కొడకా? జనం ఏమనుకుంటరు?"

మా అమ్మాయి గుమ్మమున నిలిచి వినుచుండెను. నోరు మెదపలేదు. రెండేండ్లనుండి మా యెదుట ఆమె ఆట ఊసు ఎత్తుటయే మానుకొనెను. మేము అలవాటు చొప్పున "చూతము" అనబోవుచుంటిమి. ఇంతలో వంటయింటినుండి మా గృహిణి వచ్చి, చేతులు కొంగున తుడుచుకొనుచు నిట్లనెను: "అప్పుడు మీరు వద్దన్నప్పుడు నేను ఊకున్న. ఈసారి ఊకోను. మీరు పోకుంటే నేనే తీస్కపోత."

ఈ విధముగ మేము ఫుట్‌బాలు అభిమానులమైతిమి.

శనివారము సాయంకాలము ఎల్.బి.నగరు కూడలిలో బస్సెక్కితిమి. మా పేటలో బయలుదేఱు దూరప్రయాణపు బస్సుల స్వభావము ఎఱిగినవారికి చెప్పనక్కఱలేదు. ఊరు విడుచుటకే రెండు గంటలు పట్టును. కొత్తపేటలో ఇద్దఱెక్కిరి; దిల్‌సుఖ్‌నగరులో పెట్టెలతో, బుట్టలతో ఒక కుటుంబమంతయు ఎక్కెను; మలక్‌పేటలో రావలసినవాడు రాక, వానికై ఒక పావుగంట నిలిచితిమి. కొత్తపేటలోని గడ్డిఅన్నారము పండ్లమార్కెటు ముందునుండియే పోతిమి. దానిని 2021లో నగరము వెలుపల బాటసింగారమునకు తరలించిరి. వేసవి ముంగిట ఆ వీథి మామిడిపండ్ల వాసన లేక మాకే పరాయిదిగ తోచెను. ఒక ఊరినుండి ఒక వస్తువు తరలిపోయినచో ఆ చోటు ఎట్లుండునో ఆనాడు చూచితిమి. ఆ యనుభవము మఱియొకమాఱు కలుగునని అప్పుడు ఎఱుగము.

చదువరులలో కొందఱు ఇక్కడ నవ్వుకొనవచ్చును. ఇరువదిరెండు మంది ఒక బంతిని తన్నుచుండగ చూచుటకై ఆఱువందల కిలోమీటర్లకు పైబడిన దూరము పోవలెనా అని. మేమును ఆ రాత్రి బస్సులో అట్లే అనుకొంటిమి. కాని మన తాతలు జాతరలకు బండ్లు కట్టుకొని దినములకొలది పోలేదా? తోటివాని భుజము తగులుచుండగ, పదివేలమందితో పాటు ఒక్క కేక వేయవలెనను కోరిక మనుష్యునికి నేడు పుట్టినది కాదు. జాతరకును దీనికిని ఒక భేదము కలదు. జాతరలో అందఱును మనవారే. పరుల మైదానమున ఆటకు పోయినప్పుడు వేయికి ఒకరు గూడ మనవారు కారు.

బస్సు చాదర్‌ఘాట్ దగ్గఱ మూసీ దాటుచుండగ మా అమ్మాయి హఠాత్తుగ అడిగెను: "రహీం సాబ్ ఎవరో తెలుసా నాన్నా?"

తెలియదంటిమి. ఆమె చెప్పసాగెను. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో జన్మించెను. వృత్తి మాదే, ఈ నగరపు బడులలో, చాదర్‌ఘాట్ హైస్కూలుతో గూడ, ఉపాధ్యాయుడుగ పనిచేసెను. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగ ఐదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచెను. ఆయన శిక్షకుడుగ భారతజట్టు 1951లోను, 1962లోను ఆసియాక్రీడలలో స్వర్ణపతకము పొందెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాల్గవస్థానమున నిలిచెను. 1962 నాటి తుదియాట జకార్తాలో జరిగెను. ఇజ్రాయెలు, తైవాను క్రీడాకారులను రానీయనందున ఆ పోటీలకు ఆసియాక్రీడలను పేరు చెల్లదని భారతదేశపు ప్రతినిధి యొకరు వాదించిరి. దానిపై అక్కడి జనము మనవారిమీద కత్తులు నూరుచుండెను. లక్షకు దగ్గఱగనున్న ఆ గుంపు మన ఆటగాండ్రను అడుగడుగునను గేలిచేయుచుండగ, మనవారికై చప్పట్లు కొట్టినవారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రని చెప్పుదురు. తలకు గాయమై కుట్లుపడిన జర్నైల్ సింగు ఒక గోలును, పి.కె. బెనర్జీ ఒక గోలును చేయగ, దక్షిణకొరియాపై మనవారు 2-1 తేడాతో గెలిచిరి. రహీమునకు అప్పటికే క్యాన్సరు. మఱుసటి యేడు జూనులో ఆయన గతించెను.

మా యూరి బడిపంతులును గూర్చి మా కూతురు మాకు చెప్పవలసివచ్చెను! నగరపు దీపములు వెనుకబడెను; జహీరాబాదు దాటి బస్సు కన్నడదేశమున ప్రవేశించెను; ఆమె ఇంకను చెప్పుచునే యుండెను. ఎవరెక్కడ నిలిచి ఆడిరో, ఏ యాటలో ఏ యెత్తు వేసిరో, అన్నియు ఆమెకు కంఠస్థములు. మాతో ఆమె అంతసేపు మాటలాడి రెండేండ్లు దాటెనని ఆ చీకటిలో మాకు లెక్క తేలెను.

మడగావులో దిగునప్పటికి మధ్యాహ్నమయ్యెను. ఊరంతయు పసుపు. కేరళజట్టు రంగు పసుపు. దాని అభిమానిసంఘము పేరు మంజప్పడ, అనగా పసుపుసేన. మన జట్టు రంగును పసుపే. ఆ దినమున పసుపు దుస్తులు హైదరాబాదు వంతునకు వచ్చెను. కేరళ ఆటగాండ్రు నలుపు ధరింపవలసివచ్చెను. అయినను వారి అభిమానులు తమ పసుపును విడువలేదు. కావున మైదానమున పసుపు తొడిగినవారు మనవారు. మైదానము చుట్టును పసుపు తొడిగినవారు పరులు. రెండేండ్ల క్రిందటి పసుపుగుడ్డను మెడకు చుట్టుకొని మా అమ్మాయి ఆ పసుపుకడలిలోనికి నడచుచుండగ, ఆమె యెవరిపక్షమో చెప్పగలవాడు ఒక్కడును లేడు.

ఫతోర్డా స్టేడియమున మాకు దొరకిన చోటు సరిగ కేరళవారి నడుమ. మన నగరపు అభిమానులైన డెక్కన్ లీజియనువారు దూరమున నొక మూల చిన్నగుంపుగ కనబడుచుండిరి. మా ప్రక్కన ఒక మలయాళీ కుటుంబము కూర్చుండెను: భార్య, భర్త, ఇద్దఱు కుమార్తెలు, ఒక ముదుసలి. ఆ యిల్లాలు మా అమ్మాయి మెడలోని గుడ్డను చూచి మలయాళమున నేమో పలుకరించెను. మా అమ్మాయి మేము హైదరాబాదువారమని ఇంగ్లీషున చెప్పెను. ఆమె ఒక క్షణము నిదానించి, పకపక నవ్వి, వెనుక వరుసకు ఆ సంగతి చెప్పెను. వెనుక వరుస దాని వెనుక వరుసకు చెప్పెను. పది వరుసలవారు మావైపు తిరిగి చూచిరి. మాకు గొంతు తడియారెను. ఇంతలో ఆ ముదుసలి కొబ్బరినూనెలో వేయించిన అరటికాయ ముక్కల పొట్లము విప్పి మా చేతిలో పెట్టెను. తినుడని తలయూచెను.

కొంతసేపటికి ఆ యిల్లాలు మా అమ్మాయిని ఇంగ్లీషున నడిగెను: "నీవు ఆడుదువా?"

"ఆడేదాన్ని."

"ఇప్పుడేల ఆడవు? మా పెద్దది ఆడుచున్నదే."

మా అమ్మాయి ఒక్కమాఱు మావైపు చూచి, చూపు త్రిప్పుకొని, "చదువు ఎక్కువైంది ఆంటీ" అనెను.

మా పరువు కాపాడుటకై ఆమె అబద్ధమాడెను. మేము పొట్లములోని ముక్కను నోట పెట్టుకొని నమలుచుంటిమి. రుచి తెలియలేదు.

సాయంకాలము ఏడున్నరకు ఆట మొదలయ్యెను. మన జట్టు బంతిని ముందునకు కొనిపోయినప్పుడెల్ల మా చేతులు చప్పట్లకు లేచుచుండెను. చుట్టును చూచుకొని మరల దిగుచుండెను. మమ్ము ఒక్కరును ఏమియు అనలేదు. అరటికాయలు పెట్టినవారి నడుమనే మాకు అంతటి సంకోచము! అప్పుడు మాకు తోచినది. ఈ పిల్ల మా సందులో బంతి తన్నినన్నాళ్లు ఇట్టి చూపుల నడుమనే కదా తన్నెను. మేడమీదివారు, వీథిలోనివారు, బంధువులు, నాయనమ్మ, అందఱును అటువైపువారే. పుట్టిన సందే ఆమెకు పరుల మైదానము. ఆ గుంపులో ఒక్కడు తనవాడని ఆమె మమ్ము నమ్మెను. మేము లేచిపోయి అటువైపు కూర్చుంటిమి. జకార్తాలో మనవారికి పాకిస్తానువారు చేసిన పాటి సాయమైనను మేము చేయలేదు.

అఱువది యెనిమిదవ నిమిషమున కేరళ ఆటగాడు రాహుల్ గోలు చేసెను. స్టేడియము కంపించినట్లయ్యెను. ప్రక్కనున్న చిన్నపిల్ల బల్లమీదికెక్కి గంతులు వేసెను. మా అమ్మాయి రెండుచేతులు మోకాళ్ల నడుమ బిగించి, రెప్పవేయక, మైదానమును చూచుచుండెను. ఎనుబది యెనిమిదవ నిమిషము వఱకు అట్లే యుండెను. అప్పుడు సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన బంతి గోలున పడెను. మా ప్రక్కన ఎవరో లేచి అఱచుచున్నారు. ఎవరా యని చూడగ మేమే. అన్ని వేలమందిలో నిలువబడి, నలుబదియేండ్లు దాటిన పంతులము, మా సందువారు విన్నచో ఏమనుకొందురో అను తలపు లేక, గొంతు చినుగునట్లు అఱచితిమి. మా అమ్మాయి ఆటను విడిచి మావైపు చూచెను. ఆ చూపును మేము ఈ జన్మమున మఱువము.

అదనపు కాలమునను తేలలేదు. పెనాల్టీలు కొట్టించిరి. మన గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమని, గోవావాడే, కేరళవారి మూడు బంతులను ఆపెను. 3-1 తేడాతో మన జట్టు విజేత అయ్యెను. చుట్టును నిశ్శబ్దము. దూరమున ఆ చిన్నగుంపు మాత్రము కేరింతలు కొట్టుచుండెను. మా ప్రక్కనున్న చిన్నపిల్ల తల్లి యొడిలో ముఖము దాచుకొని వెక్కివెక్కి ఏడ్చుచుండెను. మా అమ్మాయి కేక వేయబోయి ఆపుకొని, తన మెడలోని గుడ్డను తీసి ఆ పిల్ల మెడలో వేసి, "మీ రంగే కదా" అనెను. ఆ ముదుసలి మా అమ్మాయి తల నిమిరెను. గెలిచినవాని మర్యాద యెట్లుండవలెనో ఇరువదియేండ్లు నీతిపద్యములు చెప్పిన మేము ఆమెకు నేర్పలేదు. ఆట నేర్పినది కాబోలు.

ఆ రాత్రి మడగావులో ఒక లాడ్జిలో తలదాచుకొంటిమి. మఱునాడు ఒక వార్త చదివితిమి. ఈ యాటకే బయలుదేఱిన కేరళ యువకులిద్దఱు కాసరగోడు జిల్లాలో రోడ్డు ప్రమాదమున మరణించిరి. మా గెలుపు సంతోషము చల్లబడెను. వారి యిండ్లలోను "అంత దూరము వద్దు" అన్న తల్లులుందురు కదా! మా తల్లిగారి భయమునంతటిని చాదస్తమని త్రోసివేయుటకు మనసొప్పలేదు. కాని ఆ భయమున రెండు పోగులు కలిసియున్నవి. రోడ్డును గూర్చిన భయమొకటి, జనమును గూర్చిన భయమొకటి. మొదటిదానికి కొడుకని, కూతురని భేదము లేదు. జాగ్రత్తయే దానికి మందు. రెండవది కూతునకు మాత్రమే. మనము మొదటిదాని పేరు చెప్పి రెండవదానికి లొంగుదుము. మేము చేసినది అదియే.

తిరుగు బస్సులో మేము అడిగితిమి. "ఆ యమ్మతో అబద్ధమేల చెప్పితివమ్మా?"

"మరేం చెప్పాలె నాన్నా?"

మా యొద్ద సమాధానము లేదు. తప్పు మాదని చెప్పితిమి. తండ్రి బిడ్డతో ఆ మాట చెప్పుట మా వంశమున అదియే మొదలేమో. ఆమె చాలసేపు కిటికీలోనుండి చూచుచుండెను. తుదకు, "ఆ బూట్లు ఇప్పుడు పట్టవు" అనెను.

ఇల్లు చేరిన నాటి సాయంకాలమే దిల్‌సుఖ్‌నగరునకు పోయి క్రొత్తబూట్లు కొంటిమి. అటకమీది సంచిని దింపి చూచితిమి. ఆ బూట్లు మా అఱచేతికంటె కొంచెము పెద్దవి, అంతే.

తరువాత మేమీ విషయమును గూర్చి కొంత చదివితిమి. ఇంగ్లండులో 1920 డిసెంబరు 26వ తేదీని లివర్‌పూలు నగరపు గూడిసన్ పార్కు మైదానమున స్త్రీల ఫుట్‌బాలు ఆటను చూచుటకు 53 వేలమంది వచ్చిరి. ఆడినవారిలో ప్రెస్టను నగరపు కర్మాగారపు స్త్రీలు ప్రసిద్ధులు. ఏడాది తిరుగకుండ, 1921 డిసెంబరులో, ఆ దేశపు ఫుట్‌బాలు సంఘము ఈ యాట స్త్రీలకు తగదని తీర్మానించి, తన సంఘములోని మైదానములన్నియు వారికి మూసివేసెను. ఆ తలుపులు తెఱచుకొనుటకు సుమారు ఏబదియేండ్లు పట్టెను. ఆ సంఘమువారు తీర్మానము వ్రాసి, అచ్చొత్తించి, ఆ పని చేసిరి. మేము ఒక పాత సంచితో చేసితిమి. ఈ దేశమున ఎన్ని యిండ్లలో ఎన్ని సంచులున్నవో!

మా అమ్మాయి మరల ఆడుచున్నది. ఇప్పుడు డిగ్రీ చదువుచు కళాశాల జట్టులో వెనుకపంక్తిని కాచుచున్నది. ఆమె గొప్ప ఆటగత్తె యైనదని చెప్పి మిమ్ము సంతోషపెట్టుటకు మాకు వీలులేదు. శరీరము సాగు వయస్సున రెండేండ్లకు పైగా పోయెను, పోయినవి రావు. నిజామాబాదు జిల్లాలోని యొక తండానుండి వచ్చిన గుగులోత్ సౌమ్య భారతజట్టున ఆడినది. మా అమ్మాయి అంతటిది అయ్యెడిదని మేమనము. అగునో కాదో తెలిసికొను త్రోవను మేము మూసితిమి. ఇక నది ఎవరికిని తెలియదు.

ఆ జట్టును ఇప్పుడు మా యూర లేదు. 2025లో అది ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగు క్లబ్బు ఢిల్లీ యను పేరు దాల్చెను. పండ్లమార్కెటు పోయిన వీథివలె మా అమ్మాయి మనస్సున ఒక చోటు ఖాళీ యయ్యెను. ఆమె రెండు దినములు ముభావముగ నుండి, మూడవనాడు సాధనకు పోయెను. చూచునది పోయినను ఆడునది తనయొద్ద నున్నది గదా. దానినే మేము ఒకప్పుడు తీసివేసియుంటిమి.

ఇప్పుడు మాకు పరుల మైదానములకు ప్రయాణములు తఱచు. ఆమె కళాశాల జట్టు నగరమున ఏ మూల ఆడినను, సెలవుదినమైనచో, విక్టోరియా మెమోరియల్ స్టేషనులో మెట్రో యెక్కి పోవుదుము. ప్రేక్షకులు పదిమంది యుందురు. వారిలో మేమిద్దఱము దంపతులము. మేము గట్టిగ అఱతుము. గెలుపోటములు చెరిసగము. రాత్రి ఇల్లు చేరినప్పుడు మా తల్లిగారు మంచముమీదనుండియే అడుగుదురు: "మనోళ్లు గెలిచిన్రా?" మనోళ్లు అను మాట ఆమె నోట వచ్చుటకు నాలుగేండ్లు పట్టెను. మేము ఇరువదియేండ్లు ఉపన్యాసములు చెప్పియు రప్పింపలేకపోయిన మాట అది.

చదువరులారా! స్త్రీవిద్యను గూర్చి మీకు చెప్పవలసినది లేదు; మీలో అనేకులు మాకంటె బాగుగ చెప్పగలరు. మా ప్రార్థన ఒక్కటే. మీ యిండ్లలోని అటకలమీద ఏమేమి కట్టిపెట్టియున్నవో ఒక్కమాఱు దింపి చూడుడు. బూట్లయినచో, పాదములకు పట్టునప్పుడే దింపుడు.